పడవవాడు, దీపంవాడు, మెట్ల మీద నేను

ఆ వేసవిలో నా పని ఒక దీవిని మనుషులతో నింపడం. ఉత్త మనుషులు కాదు, నోరున్న మనుషులు. లక్షలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని, రెక్కలూ కత్తులూ తగిలించుకుని తిరిగే ఆన్‌లైన్ ఆట ఒకటుంది. దానికి ఎక్స్‌పాన్షన్ ప్యాక్ రాబోతోంది, అంటే పాత లోకం పక్కన ఒక కొత్త దీవి అతికిస్తారు. కొండలూ కోటలూ గీసేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ దీవిలో ఉండే పడవవాడు, కమ్మరి, సత్రం నడిపే అవ్వ, వీళ్ళంతా ఏం మాట్లాడాలో ఇంట్లో కూర్చుని రాసిచ్చేదాన్ని నేను. నలభైమంది మనుషులు, ఒక్కొక్కరికి పదిహేను మాటలు, ఒక్కో మాటా అరవై అక్షరాల లోపు. తెర మీద ఆ మాట కనబడే డబ్బాలో అంతకంటే పట్టవు. వచ్చే నెల ఒకటో తారీఖున దీవి తెరుస్తారు.

మొదటి వారం "ఓ వీరవరా, నీ రాక మా భాగ్యము" అంటూ దంచేశాను. మా టీం లీడర్ ఫోన్ చేసింది. నాకంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పదేళ్ళు పెద్దది.

"అక్కా, ఏమనుకోకండి. నలభైమందీ కలిసి ఒకే శుభలేఖ చదువుతున్నట్టుంది."

"వీరులతో మరెలా మాట్లాడతారమ్మా?"

"వీరుడైతే వాళ్ళకేంటి? ఎవరి గోల వాళ్ళది. మీ ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడతారో అలా రాయండి చాలు."

కొంప ముంచింది ఆ ఒక్క మాటే.

మా ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ మాట్లాడుకోరు. కింద వాటాలో నాన్నా నేనూ ఉంటాం. పై వాటాలో పెదనాన్న ఉంటాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ పోయాక నన్ను సగం ఆయనే పెంచాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ముప్పై ఎనిమిదేళ్ళు కొట్లకి బోర్డులు రాశారు. అక్షరం నాన్నది, బొమ్మ పెదనాన్నది. ఒకే నిచ్చెన, ఒకే టిఫిన్ డబ్బా.

మూడేళ్ళ కిందట ఒక పళ్ళ డాక్టరు బోర్డుకి పెదనాన్న నవ్వుతున్న నోరు వేశాడు. గుమ్మమంత నోరు. దాన్ని పైకెక్కించాక డాక్టరూ, నర్సూ, బుగ్గలు పట్టుకుని వచ్చిన నలుగురు రోగులూ కింద నిలబడి ఆహా ఓహో అంటుంటే, మా నాన్న వేలు చాపి లెక్కపెట్టాడు. "అన్నయ్యా, పళ్ళు ముప్పై నాలుగున్నాయి" అన్నాడు, అందరికీ వినబడేలా. డాక్టరు నవ్వాడు. నొప్పితో వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. పెదనాన్న నిచ్చెన దిగి, కుంచె అక్కడే పడేసి, నడిచి ఇంటికొచ్చేశాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఉన్నదల్లా నేను.

"ఆయనగారితో చెప్పు, ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్నాయని."

"వాడితో చెప్పు, నాకు చెవులున్నాయని."

"ఆయనగారితో చెప్పు, చెవులుంటే మోటారు ఆపమని."

మా మెట్లు పద్దెనిమిది. తొమ్మిది ఎక్కితే మలుపు, మళ్ళీ తొమ్మిది. మూడేళ్ళుగా రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగానో ఆ మెట్లనే అడగాలి. అసలు ముప్పై రెండు పళ్ళున్న ఇద్దరు పెద్దమనుషులు (ఇప్పుడు ఇద్దరికీ కలిపి అన్ని లేవనుకోండి) రెండు పళ్ళ కోసం ఇంత సాధిస్తారని ఎవరైనా కథ రాస్తే, నేనే నమ్మేదాన్ని కాదు.

ఆ వేసవిలోనే పెదనాన్న ఇంకో బాంబు పేల్చాడు. ఒక సాయంత్రం నన్ను పైకి పిలిచి, "ఒకటో తారీఖున నేను గది మారిపోతున్నానే" అన్నాడు.

"ఎక్కడికి?"

"బజారు చివర కళ్ళజోళ్ళ కొట్టుంది చూడు, దాని వెనక గది. మెట్లు లేవు."

"మెట్లు లేకపోతే?"

అడిగేశాకే నాకు అర్థమైంది. కొన్నాళ్ళుగా ఆయన గోడ పట్టుకుని, పెదవుల్లో లెక్కపెట్టుకుంటూ మెట్లు దిగడం చూస్తూనే ఉన్నాను. అదీ నాన్న భోంచేసి పడుకున్నాకే దిగేవాడు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. డాక్టరు ఆపరేషన్ అంటే, "ఎవరు తోడొస్తారు, నువ్వు నీ దీవి వదిలి వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. వద్దన్నాడు. తోడు రావలసింది నేను కాదని మా ఇద్దరికీ తెలుసు.

"కళ్ళ సంగతి వాడికి చెప్పావో, నా మీద ఒట్టే. కళ్ళు కనబడకే ముప్పై నాలుగు వేశానని వాడికి తెలిస్తే, ఇంక నేను బతికుండి ఎందుకు?"

చూపు ఆనని ఒక ముసలాయన, ఒంటరిగా, కళ్ళజోళ్ళ కొట్టు వెనక. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కిందికి వచ్చి, గది మారే సంగతి మాత్రం నాన్నతో చెప్పాను.

"పోనీ. ఎవరాపారు?" అన్నాడు నాన్న. అని, ఆరిపోయిన తువ్వాలు తీసుకెళ్ళి మళ్ళీ ఆరేశాడు. తీశాడు. ఇంకోసారి ఆరేశాడు.

ఆ మంట మీదే కూర్చుని రాశాను. కొత్త దీవికి వెళ్ళే రేవు. అక్కడో పడవవాడు. పైన కొండ మీద లైట్‌హౌస్, అందులో దీపం వెలిగించేవాడు. ఇద్దరూ అన్నదమ్ములు. దీపం వెలిగితే గానీ పడవ కదలదు.

పడవవాడు: "ఆయనగారితో చెప్పు, చీకట్లో పడవ తీసేంత పిచ్చి నాకు లేదని."

దీపంవాడు: "వాడితో చెప్పు, వాడొచ్చి అడిగితే వెలిగిస్తానని."

పడవవాడు: "నేనడగాలా? మూడేళ్ళ కిందట నిచ్చెన వదిలేసి పోయిందెవరో అడుగు."

రాక్షసుల్ని చంపుదామని వచ్చిన వీరుడు రెక్కలు ముడుచుకుని మెట్లెక్కడం, దిగడం. ఒక్క గంటలో అయిపోయింది. రాసిందేముంది, చెవుల్లో ఉన్నది దింపడమే కదా.

లీడర్ ఎగిరి గంతేసింది. "అక్కా, నాకు కావలసింది ఇదే! వీళ్ళని మొదట్లోనే పెట్టేస్తాం. వీళ్ళ పని పూర్తిచేస్తే గానీ ఎవరూ దీవిలో అడుగు పెట్టరు."

నాకూ గర్వం తలకెక్కింది. పది రోజుల తర్వాత అదే పిల్ల ఫోన్లో గొంతు మార్చింది.

"అక్కా, పడవ ఎప్పుడు కదులుతుంది?"

"అదేంటి, దీపం వెలిగాక."

"దీపం ఎప్పుడు వెలుగుతుంది?"

"పడవవాడు వెళ్ళి అడిగాక."

"ఎప్పుడడుగుతాడు? ఆట ఆడి తప్పులు పట్టే మా టెస్టర్ నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా డెబ్భై మూడుసార్లు మెట్లెక్కాడు. ఇవాళ సెలవు పెట్టాడు. పదిహేనో మాట అయిపోగానే మళ్ళీ మొదటి మాటకి వచ్చేస్తున్నారు. ముగింపెక్కడ?"

కాగితాలు తిరగేశాను. ముగింపు లేదు. మరిచిపోవడం కాదు, నాకు తెలియదు. విన్నదే రాశాను, ముగింపు నేనెప్పుడూ వినలేదు. వినకపోవడం వల్ల అదొకటి ఉండాలన్న సంగతే తట్టలేదు.

"శుక్రవారం లోపల కావాలక్కా. లేకపోతే లక్షలమంది రేవులోనే నిలబడిపోతారు. మన ఉద్యోగాలు కూడా."

"క్షమించు అన్నయ్యా" అని పడవవాడి చేత అనిపించి చూశాను. వెంటనే కొట్టేశాను. మా నాన్న నోట్లోంచి ఆ మాట రావాలంటే ముందు నోరు మార్చాలి. చివరికి తెగించి, టెస్టర్ సెలవులో ఉన్నాడన్న సాకుతో నాన్ననే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. అది ఎవరి కథో చెప్పలేదు.

నాన్న నాలుగుసార్లు ఎక్కి దిగి, కళ్ళజోడు తీశాడు. "ఇదిగో అమ్మాయ్, ఈ దీపంవాడు అచ్చం మీ పెదనాన్నే. ఆ మూతి విరుపూ అదీ. పడవాయన పాపం, ఎంత ఓపిక!"

"ఆ పడవాయన ఎవరిలా ఉన్నాడు?"

"ఎవరిలానూ లేడు. మంచివాడు."

తలకొట్టుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని పైకెళ్ళాను. పెదనాన్న ముక్కు తెరకి ఆనించి ఆడాడు.

"ఈ పడవవాడు మీ నాన్నేనే! నలుగురి ముందూ నోరు పారేసుకునే రకం. దీపం పెద్దాయన చూడు, ఎంత మర్యాద!"

ఇంక నేనేం చెయ్యను? చేతులెత్తేశాను. అయితే ఇద్దరూ ఆట కట్టేసే ముందు ఇంకో మాట అన్నారు. రేవు దగ్గర 'దీపస్తంభం రేవు' అని ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఆఫీసులో ఎవరో కుర్చీలోంచి లేవకుండా చేసిన బోర్డు.

"ఆ అక్షరాలు రాసినవాడెవడు? త వత్తు బోర్డు దాటి సముద్రంలో పడుతోంది. చూస్తుంటే నా చెయ్యి దురద పెడుతోంది" అన్నాడు నాన్న.

"తెరచాప ఇటు ఉబ్బింది, జెండా అటు ఎగురుతోంది. అసలు గాలి ఎటు వీస్తోందట? సిగ్గుండాలి" అన్నాడు పెదనాన్న.

నా బుర్రలో ఏదో వెలిగింది. లీడర్‌కి ఫోన్ చేశాను. ముగింపుతో పాటు చేత్తో రాసిన బోర్డు ఫొటో పంపితే మారుస్తారా అని అడిగాను. "ముందు ముగింపు పంపండక్కా, బోర్డు కాదు కదా సముద్రమే మారుస్తాం" అంది.

పాత సామాన్లలోంచి రెండడుగుల చెక్క తీసి, తుడిచి, తెల్లరంగు కొట్టాను. ముందు పైకి తీసుకెళ్ళాను.

"పడవ నేనేస్తా. వాడితో చెప్పు, కుడివైపు నాలుగు వేళ్ళు చోటు నాదని."

కింద నాన్న, "ఆయనగారితో చెప్పు, నాలుగు వేళ్ళంటే ఎవరి వేళ్ళని."

"వాడితో చెప్పు, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరి వేళ్ళో వాడికి తెలుసని."

చెక్క పైకి, చెక్క కిందికి. గురువారం మధ్యాహ్నానికి ముప్పై దాటాయి. పచ్చి రంగు నా చేతులకి, జుట్టుకి, తలుపుకి. పడవ బాగానే కుదిరింది. గీతలు కాస్త వణికినా, అలల మీద ఉన్న పడవ కదా, వణకాలి. నాన్న అక్షరాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. కానీ ఇద్దరూ ఒకరి పని మీద ఒకరు ఫిర్యాదులు పంపడం మాత్రం ఆపలేదు. ముప్పై నాలుగోసారో, ముప్పై అయిదోసారో, చెక్క పట్టుకుని దిగుతుంటే మలుపు దగ్గర నా కాలు మడతపడింది. చెక్కని మాత్రం పైకెత్తి కాపాడి, నేను కూలబడ్డాను. అప్పటిదాకా అణుచుకున్నదంతా కలిపి ఒక్క కేక పెట్టాను.

"ఇంక నా వల్ల కాదు! ఏ మాటా మొయ్యను! కావలిస్తే మీరే రండి!"

పైన తలుపు తెరుచుకుంది. కింద తలుపు తెరుచుకుంది.

నాన్న మలుపు దాకా పరుగెత్తుకొచ్చి ఆగిపోయాడు. పైనుంచి పెదనాన్న దిగుతున్నాడు. గోడకి చెయ్యి ఆనించి, పెదవుల్లో లెక్కపెట్టుకుంటూ, ఒక్కో మెట్టునీ ముందు కాలితో వెతుక్కుని దిగుతున్నాడు. మూడేళ్ళలో అన్న మెట్లు దిగడం నాన్న చూడటం అదే మొదటిసారి. నాన్న మొహంలో కోపం ఎటో పోయింది. నా కాలు చూడటానికి వచ్చినవాడు నా వైపు చూడనే లేదు, అన్న పాదాల్నే చూస్తున్నాడు.

కంగారులో పెదనాన్న లెక్క తప్పాడు. ఎనిమిది దిగి, మలుపు వచ్చేసిందనుకుని కాలు చాపబోయాడు.

"అన్నయ్యా, ఇంకో మెట్టుంది."

మెల్లగా అన్నాడు. పక్కనే ఉన్న నాకు వినబడీ వినబడనట్టుగా.

పెదనాన్న ఆగాడు. కాలితో తడిమి ఆ మెట్టు దిగాడు. "నాకు తెలుసులేరా" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఇద్దరూ నా కాలుకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఏమ్మా, నొప్పిగా ఉందా తల్లీ అని అడుగుతారని ఎదురుచూశాను. నాన్న నా ఒళ్ళో ఉన్న చెక్క అందుకున్నాడు.

"ఇదిగో, నీ తెరచాప కొయ్య నా త వత్తులో గుచ్చుకుంటోంది."

"నీ త వత్తుని ఎవడు అంత కిందికి లాగమన్నాడు?"

"లాగకపోతే దానికి అందమేది?"

"అందమంటే పడవ మునగాలా?"

నా కాలు ఇంత లావున వాచింది. ఎవరికీ పట్టలేదు. మెట్ల మలుపులో గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. కాలు నొప్పని వాళ్ళనుకున్నారు. అనుకోనిచ్చాను.

శుక్రవారం ముగింపూ, బోర్డు ఫొటో పంపాను. ఆటలో 'కూర్చో' అని ఒక బటన్ ఉంది. వీరులు కూర్చోరు కాబట్టి దాన్ని ఎవరూ నొక్కరు. రేవుకీ లైట్‌హౌస్‌కీ మధ్య మెట్ల మలుపులో వీరుడు ఇంక మాటలు మొయ్యకుండా కూర్చుంటే, కాసేపటికి పైనుంచి దీపంవాడు దిగుతాడు, కింది నుంచి పడవవాడు ఎక్కుతాడు. "అన్నయ్యా, ఇంకో మెట్టుంది." "నాకు తెలుసులేరా." అరవై అక్షరాల డబ్బాలో చాలా చోటు మిగిలిపోయింది.

"ఇంతేనా అక్కా? క్షమాపణ, కౌగిలింత అలాంటివేం లేవా?"

"లేవు. మా ఇళ్ళల్లో అలాంటివి చెయ్యరు."

"ఎవరూ కూర్చోరక్కా. ఆ బటన్ ఉందనే తెలీదు."

"ఎక్కి దిగి కాళ్ళు లాగితే వాళ్ళే కూర్చుంటారమ్మా. అనుభవం మీద చెప్తున్నా."

అన్నదమ్ములు మాట్లాడుకోవడం మొదలైంది గానీ, అంతా బోర్డు గురించే. ఇంకో మాట లేదు. పెదనాన్న గది మారడం మానలేదు. నాన్న ఉండమని అడగలేదు. ఒకటో తారీఖు పొద్దున కుంచెల పెట్టె తాడుతో కట్టేసి కింద గుమ్మం దగ్గర ఉంది. సామాను బండి మూడింటికి వస్తుంది. దీవి పది గంటలకే తెరిచారు.

మధ్యాహ్నం దాకా లోకమంతా నన్ను తిట్టింది. ఈ ముసలాళ్ళని రాసిన మనిషి కనబడితే మెట్ల మీంచి తోసేస్తామన్నారు. కాలుకి కట్టు కట్టుకుని కుర్చీలో ముడుచుకు కూర్చున్నాను. రెండున్నరకి, ఎవరో ఒక మహావీరుడు విసుగెత్తి తన బొమ్మని మలుపులో కూర్చోబెట్టి ఏదో పని మీద లేచి వెళ్ళాడట. తిరిగొచ్చి చూస్తే దీపం వెలిగి ఉంది. అంతే, గుప్పుమంది. తెర మీద రెక్కలవాళ్ళూ, కొమ్ములవాళ్ళూ, మనిషంత గొడ్డళ్ళవాళ్ళూ వచ్చి, గొడ్డళ్ళు పక్కన పెట్టి, బుద్ధిగా మెట్ల మీద వరుసల్లో కూర్చున్నారు. వాళ్ళ నెత్తి మీద మావాళ్ళు రాసిన బోర్డు గాలికి ఊగుతోంది. తెరచాపా జెండా ఒకే వైపు ఎగురుతున్నాయి.

నాన్నా పెదనాన్నా నా కుర్చీకి చెరోవైపు కుర్చీలు లాక్కుని చూస్తున్నారు. బయట బండి హారన్ మోగింది.

"వచ్చినట్టున్నాడు" అన్నాడు పెదనాన్న. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు. లేచి, ఏమనుకున్నాడో, మళ్ళీ తెరకేసి వంగాడు. "ఇంతకీ ఎంతమంది కూర్చున్నారు?"

ఆయనే వేలు చాపి, ముక్కు తెరకి ఆనించి, ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. చాలాసేపు పట్టింది. బయట హారన్ మళ్ళీ మోగింది.

"ముప్పై నాలుగు" అన్నాడు.

నేనూ లెక్కపెట్టాను. ముప్పై రెండు. రెండుసార్లు లెక్కపెట్టాను. నాన్న పెదవులు కదలడం చూశాను, ఆయనకీ ముప్పై రెండే వచ్చి ఉంటాయి. జీవితంలో ఒక్క అక్షరం ఎక్కువ గానీ తక్కువ గానీ వదలని మనిషి.

నాన్న కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరిగ్గా ముప్పై నాలుగే, అన్నయ్యా."

పెదనాన్న తమ్ముడి వైపు తిరిగాడు. ఆ కళ్ళకి ఎంత కనబడిందో నాకు తెలియదు. కాసేపు అలాగే చూసి, కుర్చీలో వెనక్కి కూర్చున్నాడు.

"అయితే వెళ్ళి ఆ బండివాడితో చెప్పు, అక్కర్లేదని" అన్నాడు.

అలవాటు కొద్దీ నేను కట్టు కట్టిన కాలు కింద పెట్టబోయాను. కానీ ఆయన అన్నది నాతో కాదు, నాన్నతో.